అమెరికాలో రెండేళ్ళ కాలేజీ మ్యాచ్‌కి ఊరంతా వెళ్తుందంట, మన నెల్లూరు–ఒంగోలు కాలేజీ పోటీలు ఏమైపోయాయి?

పెన్నా గట్టు (నెల్లూరు)

అందరికీ నమస్తే. డౌటు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా అక్క కొడుకు అమెరికాలో కాన్సస్ రాష్ట్రం, హచిన్సన్ అనే ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీలో చేరాడు, ఫీజు తక్కువని. రెండేళ్ళ కాలేజీ అంటే మన ఇంటర్ లాంటిదేమో, నలుగురిలో పరువు పోతుందని మా బావ మొదట్లో ఎవరికీ చెప్పుకోలేదు. వాడు మొన్న మార్చిలో వీడియో కాల్ చేశాడు. వెనకాల ఒకటే గోల. "మామా, బాస్కెట్‌బాల్ టోర్నమెంట్, దేశం మొత్తం నుంచి రెండేళ్ళ కాలేజీల టీములు మా ఊరికే వస్తాయి, నా పక్కన కూర్చున్న ముసలామె ఇందాకటి నుంచి రిఫరీని తిడుతూనే ఉంది" అన్నాడు. ఆ ముసలామెకి ఆ కాలేజీలో చదివే మనవడో మనవరాలో ఉన్నారా అంటే ఎవరూ లేరంట. ఊరి కాలేజీ కాబట్టి వచ్చిందంట.

ఇది విన్న దగ్గర్నుంచి మా నాన్న ఒకటే పాట. "మాకూ ఉండేది రా, ఒంగోలు వాళ్ళతో మాకు ఎంత పోటీ అనుకున్నావ్, బాల్ బ్యాడ్మింటన్‌లో వాళ్ళని కొట్టిన రోజు స్టేషన్ నుంచి వీఆర్‌సీ సెంటర్ దాకా భుజాల మీద మోసుకొచ్చారు" అని. ఆయన డిగ్రీ చదివింది డెబ్భైల మొదట్లో. మరి నేను చదివిన 2000 తర్వాత రోజుల్లో ఒంగోలు కాలేజీ టీము మా ఊరొచ్చి ఆడిందీ లేదు, మేము అక్కడికి వెళ్ళిందీ లేదు. మాకు పోటీ అంటే తిరుపతి వాళ్ళు, కడప వాళ్ళు.

కాబట్టి రెండు ప్రశ్నలు. అమెరికాలో ఈ చిన్న కాలేజీల ఆటలు అంత పెద్దవి ఎట్లా అయ్యాయి? నూట ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒంగోలుతో మన పోటీ ఎప్పుడు, ఎందుకు తెగిపోయింది? లేక మా నాన్న కథలు చెప్తున్నారా? (ఆ అలవాటు కొంచెం ఉంది.)

కావలి రైలుగేటు (ప్రస్తుతం విచిటా)

అన్నా, నేను ఉండేది మీ మేనల్లుడి ఊరికి గంట దూరంలో. ఆ టోర్నమెంట్‌కి రెండుసార్లు వెళ్ళాను కాబట్టి మొదటి ప్రశ్నకి నేను చెప్తాను, రెండోది పెద్దవాళ్ళు చూసుకుంటారు.

ముందు మీ బావగారి టెన్షన్ తీర్చేద్దాం. మన దగ్గర జూనియర్ కాలేజీ అంటే పదో తరగతి తర్వాత ఇంటర్. అక్కడ జూనియర్ కాలేజీ అంటే పన్నెండో తరగతి అయ్యాక డిగ్రీలో మొదటి రెండేళ్ళు. ఆ రెండేళ్ళు తక్కువ ఖర్చులో ఊళ్ళోనే చదువుకుని, మిగతా రెండేళ్ళకి యూనివర్సిటీకి వెళ్ళొచ్చు. ఇప్పుడు కమ్యూనిటీ కాలేజీ అంటున్నారుగానీ ఆటల వాళ్ళ నోట్లో ఇప్పటికీ "జూకో"నే, జూనియర్ కాలేజీకి పొట్టి పేరు. ఇప్పటికీ నడుస్తున్న ప్రభుత్వ కాలేజీల్లో పాతది ఇల్లినాయ్‌లో జోలియెట్ అనే ఊళ్ళో 1901లో పెట్టిన కాలేజీ. అంటే మన వీఆర్ హైస్కూల్ కన్నా చిన్నదే, అది 1875 కదా.

ఆటల సంగతికొస్తే, ఇదంతా మొదలైంది ఒక అవమానంతో. 1930లలో కాలిఫోర్నియాలోని కొన్ని జూనియర్ కాలేజీలు, మా రన్నర్లని కూడా జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లో దిగనివ్వండని యూనివర్సిటీల సంఘాన్ని అడిగాయి. కుదరదన్నారు. మీరు రానివ్వకపోతే మేమే పెట్టుకుంటామని 1938లో ఫ్రెస్నోలో కూర్చుని సొంత సంఘం పెట్టుకున్నారు, మరుసటి ఏడాది సాక్రమెంటోలో మొదటి అథ్లెటిక్ మీట్ జరిపేశారు. బాస్కెట్‌బాల్ జాతీయ టోర్నమెంట్ 1948లో మిస్సోరిలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మొదలై, 1949లో హచిన్సన్‌కి వచ్చింది. ఇక అంతే, మగవాళ్ళ టోర్నమెంట్ అప్పటి నుంచి ఆ ఊరిదే. కావలి కన్నా చిన్న ఊరన్నా అది! ఊళ్ళో మాజీ సైనికుల సంఘం వాళ్ళు తలకెత్తుకున్నారు, టికెట్లు అమ్మేది, టీములకి భోజనాలు చూసేది వాళ్ళే. మన దగ్గర తిరునాళ్ళకి కమిటీ వేసుకున్నట్టు.

అసలు కిటుకు నాకు తోచింది ఇది. అదే 1949లో వాళ్ళు దేశాన్ని 16 రీజియన్లు చేశారు (ఇప్పుడు 24). అంటే జాతీయ పోటీకి పోవాలంటే ముందు పక్క ఊరి కాలేజీని ఓడించాలి. ప్రతి ఏడాదీ, అదే ఊరిని. ఒక్క కాన్సస్‌లోనే ఇలాంటి కాలేజీలు 19. హచిన్సన్, బట్లర్, డాడ్జ్ సిటీ, గార్డెన్ సిటీ, కాఫీవిల్, వీటికి ఒకదాని పేరు ఇంకొకదానికి చెప్తే చాలు, ఒళ్ళు మండుతుంది. పైగా కాలేజీకి వచ్చే డబ్బులో మంచి వాటా ఆ కౌంటీ ఆస్తి పన్నులోంచి వస్తుంది. మీ మేనల్లుడి పక్కన తిడుతున్న ముసలామె ఏటా ఇంటి పన్నుతో పాటు ఆ కాలేజీకి కూడా కడుతోంది, కాబట్టి రిఫరీని తిట్టే హక్కు ఆమెకుంది.

అదే పన్ను మీద గొడవా ఉంది. బయటి రాష్ట్రాల కుర్రాళ్ళకి మా డబ్బుతో స్కాలర్‌షిప్పులేంటి అని. ఫుట్‌బాల్‌లో (వాళ్ళ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదు) బయటి రాష్ట్రం వాళ్ళు ఇంతమందే ఉండాలని చాలా ఏళ్ళు పరిమితి పెట్టారు, 2016లో తీసేశారు. తీసేశాక టీములు బలపడ్డాయి, కానీ మైదానంలో ఊరి పిల్లలు తగ్గిపోయారని మా ఆఫీసులో ఒక లోకల్ పెద్దాయన ఇప్పటికీ గొణుగుతుంటాడు.

పాత పీడీ (ఒంగోలు)

పెన్నా గట్టు గారూ, మీ నాన్నగారు కథలు చెప్పడం లేదు. లేదా సగమే చెప్తున్నారు. నేను ముప్పై ఏళ్ళు ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరయ్యాను, ఈ సంగతి మీద నాకు కొంచెం కడుపుమంట ఉంది కాబట్టి పొడుగ్గా రాస్తాను, తిట్టుకోకండి.

కాలేజీ ఆటలు ఊరిని బట్టి నడవవు, యూనివర్సిటీని బట్టి నడుస్తాయి. ఇంటర్ కాలేజియేట్ పోటీలు పెట్టేది యూనివర్సిటీ, అందులో బాగా ఆడినవాళ్ళని ఏరి యూనివర్సిటీ టీము కట్టి సౌత్ జోన్‌కి (దక్షిణాది యూనివర్సిటీల మధ్య పోటీలకి) పంపేదీ యూనివర్సిటీయే. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ 1954లో వచ్చినప్పుడు నెల్లూరు జిల్లా దాని కిందికి పోయింది. ఒంగోలు అప్పటికి గుంటూరు జిల్లాలో ఉంది, కాబట్టి ఆంధ్రా యూనివర్సిటీ. 1976లో నాగార్జున వచ్చాక మేము దాని కిందికి పోయాం. ఇప్పుడు చూడండి, నెల్లూరు పిల్లలు నూట ముప్పై కిలోమీటర్లు దక్షిణానికి పోయి ఆడేవాళ్ళు, మా పిల్లలు అంతే దూరం ఉత్తరానికి పోయి ఆడేవాళ్ళు. దారిలో ఒకళ్ళకొకళ్ళు ఎదురుపడే అవకాశం కూడా లేదు. తర్వాత 2008లో నెల్లూరుకి విక్రమ సింహపురి యూనివర్సిటీ వచ్చింది, ఈమధ్య ఒంగోలుకి ఆంధ్ర కేసరి యూనివర్సిటీ వచ్చింది. ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకున్నారు, మధ్యలో గోడ మాత్రం అట్లాగే ఉంది.

క్రికెట్‌లోనూ అదే కథ. ఆంధ్రా క్రికెట్ సంఘం జోన్లలో నెల్లూరు రాయలసీమ జిల్లాలతో కలిసి సౌత్ జోన్, ప్రకాశం గుంటూరు, కృష్ణాలతో కలిసి సెంట్రల్ జోన్. ఎంత దగ్గర్లో ఉన్నా తగాదా పడే అవకాశమే ఇవ్వలేదు మనకి.

మరి మీ నాన్నగారు ఆడిందేమిటి? ఇన్విటేషన్ టోర్నమెంట్ అయ్యుంటుంది. ఆ రోజుల్లో కాలేజీ వార్షికోత్సవానికో, ఎవరైనా పెద్దాయన జ్ఞాపకార్థమో షీల్డు పెట్టి యూనివర్సిటీతో సంబంధం లేకుండా చుట్టుపక్కల కాలేజీలకి కార్డులు రాసేవాళ్ళు. వచ్చిన టీములకి పడక క్లాసు రూముల్లో, బెంచీలు రెండు దగ్గరికి జరుపుకుని. భోజనం హాస్టల్ మెస్సులో. ఈ టోర్నమెంట్లు నడిచింది పీడీల మధ్య స్నేహాల మీదే. మా తరానికి ముందు పీడీల్లో చాలామంది మద్రాసు వైఎంసీఏ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీలో ట్రైనింగ్ అయినవాళ్ళు. 1920లో దాన్ని పెట్టిందీ ఒక అమెరికావాడే, హ్యారీ క్రో బక్ గారు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కి మన దేశం టీముని మేనేజరుగా తీసుకెళ్ళింది ఆయనే. కాబట్టి విచిటా తమ్ముడూ, మీ అమెరికా పద్ధతి మా దాకా ఎప్పుడో వచ్చింది, రాకుండా పోయింది ఆ రీజియన్ల ఆలోచన ఒక్కటే. ఆ పాత పీడీలు మా గురువులు. ఒకే హాస్టల్లో ఉండి చదువుకున్నవాళ్ళు కదా, ఒకాయన నెల్లూరులో చేరితే ఇంకొకాయన ఒంగోలులోనో చీరాలలోనో చేరేవాడు, "ఏమయ్యా, ఈసారి మీ వాళ్ళని పంపు" అని ఒక కార్డు ముక్క రాస్తే టీము రైలెక్కేది. ఆ మనుషులు రిటైరయ్యారు, ఖాళీల్లో కొత్తవాళ్ళని వేయలేదు. లెక్చరర్ పోస్టు ఖాళీ ఉంటే పిల్లలు గోల చేస్తారు, పీడీ పోస్టు ఖాళీ ఉంటే ఎవరు అడుగుతారు?

బాల్ బ్యాడ్మింటన్ గురించి ఒక మాట, ఇప్పటి పిల్లలకి తెలియదు కాబట్టి. షటిల్ కాదది. పసుపు రంగు ఉన్ని బంతి, ముప్పై గ్రాములు కూడా ఉండదు. ఒక్కో పక్క ఐదుగురు, మట్టి కోర్టు, ఆరుబయట. పుట్టింది తంజావూరులో. అప్పట్లో 29 పాయింట్లకి గేము, మూడింట్లో రెండు గెలవాలి. నా లెక్కలో మన కోస్తాలో ఇది అంత పట్టుకోవడానికి కారణం గాలి. సాయంత్రం సముద్రం గాలి మొదలైతే షటిల్ ఎటో పోతుంది, ఉన్ని బంతి కొంచెం మాట వింటుంది. నేను చేరిన కొత్తలో పొద్దున్నే వెళ్ళి కోర్టు తడిపి, తాడు కట్టి, అడుగున చిల్లు పెట్టిన డాల్డా డబ్బాలో సున్నం నీళ్ళు పోసి లైన్లు గీసేవాణ్ణి. ఆ లైను వంకర పోతే ఎదుటి టీము పీడీ వచ్చి కాలితో చూపించి నవ్వేవాడు. చలికాలం మ్యాచ్ పొద్దుగూకే దాకా సాగితే మంచుకి బంతి తడిసి బరువెక్కేది, బ్యాక్‌లో ఆడేవాడి మణికట్టు మర్నాటికి వాచేది. మీ నాన్నగారు ఏ ప్లేసులో ఆడేవారో కనుక్కోండి. బ్యాక్ అయితే ఇప్పటికీ కుడి భుజం నొప్పి ఉంటుంది.

కందుకూరోడు

పీడీ సార్, గోడకి ఏ పక్క ఉన్నారో తెలిసినవాళ్ళు మీరు, మా సంగతేంటి? మా ఊరు నెల్లూరు జిల్లాలో ఉండింది. 1970లో ఒంగోలు జిల్లా (1972లో ప్రకాశం అని పేరు మార్చారు) పెట్టినప్పుడు నెల్లూరు నుంచి మమ్మల్నీ, కనిగిరినీ, పొదిలినీ తీసి అందులో కలిపారు. 2022లో మళ్ళీ నెల్లూరులో వేశారు. మా తాత నెల్లూరు టీముకి ఈల వేశాడు, మా నాన్న ప్రకాశం టీముకి ఈల వేశాడు, నేను నోట్లో వేళ్ళు పెట్టుకుని ఎటు తిరగాలో తెలియక నిలబడ్డాను.

సీరియస్‌గా చెప్పాలంటే నెల్లూరు–ఒంగోలు పోటీ ఎక్కడికీ పోలేదు, కాలేజీల్లోంచి ఊళ్ళలోకి వచ్చింది. సంక్రాంతికి, శివరాత్రికి జరిగే కబడ్డీ టోర్నమెంట్లు చూడండి. టీము పేరు ఏదో ఊరి పేరుంటుంది, ఆడేది మొత్తం డిగ్రీ కాలేజీల కుర్రాళ్ళే. మంచి రైడర్ అయితే బస్సు చార్జీ, రెండు పూటల బిర్యానీ, గెలిస్తే వాటా. యూనివర్సిటీ గీత అక్కడ పనిచెయ్యదు. కాన్సస్ వాళ్ళు బయటి రాష్ట్రం ప్లేయర్ల గురించి కొట్టుకున్నట్టే మేమూ కొట్టుకుంటాం, "వీడు మీ ఊరోడు ఎట్లా అయ్యాడు, రేషన్ కార్డు చూపించు" అని.

నేను ఆడిన ఒక మ్యాచ్ చెప్తాను. తొంభైల్లో, శివరాత్రి, మా దగ్గర్లో ఒక ఊరు. కోర్టులో వరి పొట్టు పోసి దాని మీద ఇసక చల్లారు, నాలుగు మూలలా ట్యూబ్‌లైట్లు, పక్కన జనరేటర్. అవతల టీములో ముగ్గురు నెల్లూరు కాలేజీ వాళ్ళు, మా టీములో ఇద్దరు ఒంగోలు వాళ్ళు. ఆఖరి నిమిషాల్లో స్కోరు సమానం. వాళ్ళ రైడర్ కూతకి వచ్చాడు. సన్నటి మనిషి, మోకాలికి ఎర్ర గుడ్డ కట్టుకున్నాడు. నేను లెఫ్ట్ కార్నర్‌లో, పక్కవాడి చెయ్యి పట్టుకుని చైన్ వేసుకుని ఉన్నా. వాడు నా వైపు కాలు విసిరిన క్షణంలో జనరేటర్ ఆగిపోయింది. చిమ్మచీకటి. మూడు వేల మంది జనం ఒక్కసారి "హో" అన్నారు. ఆ గోలలో కూడా వాడి కూత ఆగలేదు, కబడ్డీ కబడ్డీ అని వినిపిస్తూనే ఉంది, నా ముందు నుంచి కుడికి, మళ్ళీ ఎడమకి. మేము ఏడుగురం చీకట్లో పొట్టు మీద దేకుతూ కూతని బట్టి వెతుకుతున్నాం. ఎవరిదో కాలు దొరికింది, గట్టిగా పట్టేశాను. లైట్లు వచ్చేసరికి నేను పట్టుకున్నది మా రైట్ కార్నర్ వాడి కాలు. రైడర్ వాళ్ళ కోర్టులో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుని ఇంకా కూత పెడుతున్నాడు.

నలుగుర్ని తాకానన్నాడు. రిఫరీ ఒక గంట తల పట్టుకుని, చివరికి ఆ కూత మళ్ళీ వెయ్యమన్నాడు. మేము ఓడిపోయాంలెండి. ఆ మనిషి ఇప్పుడు మా వియ్యంకుడికి దగ్గర చుట్టం, పెళ్ళిలో కలిసి ఇద్దరం దీని గురించే మాట్లాడుకున్నాం. ఇప్పటికీ నలుగురే అంటాడు.

(బండలాగుడు సంగతి నేను ఎత్తను. ఎత్తితే ఈ చర్చ ఎద్దుల వైపు పోతుంది, ఒంగోలు గిత్తల వాళ్ళు వచ్చి పడతారు.)

స్కోరర్ అక్క (నెల్లూరు)

అందరూ మగవాళ్ళే మాట్లాడుతున్నారు, కాబట్టి నేనూ ఒక చెయ్యి వేస్తా. నేను డిగ్రీలో ఖోఖో ఆడాను. ఏ కాలేజీ అని అడక్కండి. రెండో సంవత్సరం, 2000. సెప్టెంబర్‌లో కరణం మల్లీశ్వరి సిడ్నీలో కాంస్యం గెలిచింది, 240 కిలోలు ఎత్తి. అప్పటిదాకా ఆటలంటే ముఖం చిట్లించే మా అమ్మ టీవీ ముందు కూర్చుని ఏడ్చింది. అదే నెలలో మా ఇంటర్ కాలేజియేట్ తిరుపతిలో. పన్నెండు మందిమీ బ్యాగులు సర్దుకున్నాం. బయల్దేరే రోజు పొద్దున, అమ్మాయిల వెంట వెళ్ళడానికి మేడం ఎవరూ ఖాళీ లేరు, ప్రయాణం క్యాన్సిల్ అన్నారు. అబ్బాయిల టీము అదే సాయంత్రం వెళ్ళింది. మేము గ్రౌండ్‌లోనే పోల్స్ పాతుకుని రెండు టీములుగా విడిపోయి ఆడుకున్నాం, ఎవరి మీద కోపమో అందరం బాగా పరిగెత్తాం.

దానికీ పెన్నా గట్టు గారి ప్రశ్నకీ సంబంధం ఉంది. భుజాల మీద మోసుకొచ్చిన పోటీల్లో ఆడపిల్లలకి అసలు చోటు లేదు కదా. అమెరికాలో మాత్రం ఈ విషయం ఎట్లా ఉండేది, విచిటా తమ్ముడు చెప్తే బాగుంటుంది. ఇప్పుడు మా అమ్మాయి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో ప్రాక్టీసుకి వెళ్తుంది, నేను గట్టు మీద కూర్చుని స్కోరు రాస్తుంటా. పేరు అందుకే.

కావలి రైలుగేటు (ప్రస్తుతం విచిటా)

అక్కా, అక్కడా ఆలస్యమే. గవర్నమెంటు డబ్బు తీసుకునే చదువుల్లో ఆడా మగా తేడా చూపకూడదని 1972లో చట్టం వచ్చింది. ఈ రెండేళ్ళ కాలేజీల సంఘం ఆడవాళ్ళ విభాగం పెట్టింది 1975లో. అంటే 1938 నుంచి ముప్పై ఏడేళ్ళు వాళ్ళూ "మేడం ఖాళీ లేరు" అన్నట్టే లెక్క.

ఊరికే అడుగుతా

నాస్టాల్జియా ఎక్కువైంది ఇక్కడ. రెండు విషయాలు. ఒకటి, ఇప్పటి ఇంటర్ కాలేజీలకి గ్రౌండే లేదు, మూడంతస్తుల బిల్డింగు, కింద బైకులు. పదహారు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా బంతి ముట్టుకోనివాడు డిగ్రీలోకొచ్చి ఏం ఆడతాడు? యూనివర్సిటీ గీతల కన్నా ఆ రెండేళ్ళే మనల్ని చంపాయి. రెండు, అమెరికాని అంత నెత్తిన పెట్టుకోకండి. వాళ్ళ ఆటల్లో కూడా నల్లవాళ్ళని రానివ్వని రోజులున్నాయి.

కావలి రైలుగేటు (ప్రస్తుతం విచిటా)

మొదటిదానికి ఒప్పుకుంటా. నేను ఇంటర్‌లో రెండేళ్ళు సూర్యుణ్ణి చూసింది ఆదివారం మధ్యాహ్నం బట్టలు ఆరేసేటప్పుడు. అక్కడ సరిగ్గా ఆ తర్వాతి రెండేళ్ళే ఒక కుర్రాడికి రెండో అవకాశం. హైస్కూల్లో మార్కులు రానివాడు, ఎవరూ చూడనివాడు జూకోలో ఆడి పైకెళ్తాడు. ఆరన్ రాడ్జర్స్ అనే పెద్ద ఫుట్‌బాల్ ఆటగాణ్ణి హైస్కూల్ అయ్యాక పెద్ద యూనివర్సిటీలేవీ స్కాలర్‌షిప్ ఇచ్చి పిలవలేదు, కాలిఫోర్నియాలో బ్యూట్ కాలేజీ అనే ఊరి కాలేజీలో ఒక ఏడాది ఆడాకే బర్క్లీ యూనివర్సిటీ వాళ్ళు తీసుకున్నారు.

రెండోది కూడా నిజమే, కానీ ఈ చిన్న కాలేజీల్లో ఆ కథ రెండు రకాలుగా ఉంది. జాకీ రాబిన్సన్ పేరు వినే ఉంటారు, 1947లో పెద్ద లీగ్ బేస్‌బాల్‌లో నల్లవాళ్ళని రానివ్వని రంగు గోడని బద్దలుకొట్టినాయన. ఆయన ముందు చదివింది పసడీనా జూనియర్ కాలేజీలో. వాళ్ళన్న మ్యాక్ 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో 200 మీటర్లలో జెస్సీ ఓవెన్స్ వెనక రెండోవాడు, లాంగ్‌జంప్‌లో జూనియర్ కాలేజీల రికార్డూ ఆయనదే. 1938లో ఒక రోజు తమ్ముడు పొద్దున లాంగ్‌జంప్‌కి వెళ్ళి 25 అడుగుల 6½ అంగుళాలు దూకి అన్న రికార్డు కొట్టేశాడు, అక్కణ్ణుంచి కారులో ఇంకో ఊరెళ్ళి అదే రోజు కాలేజీ బేస్‌బాల్ మ్యాచ్ కూడా ఆడాడు. ఇంట్లో అన్నదమ్ముల మధ్యే అంత పోటీ ఉంటే ఊళ్ళ మధ్య ఎంతుంటుంది చెప్పండి.

రెండో రకం కథ 1955. పసడీనాలోనే డిసెంబర్‌లో రెండేళ్ళ కాలేజీలకి ఒక పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్ జరిగేది. ఆ ఏడాది మిసిసిపీ నుంచి జోన్స్ కౌంటీ కాలేజీని పిలిచారు. ఎదురు టీము కాంప్టన్, అందులో నల్లజాతి ఆటగాళ్ళున్నారు. మిసిసిపీలో రాజకీయ నాయకులు వెళ్ళొద్దని గోల గోల చేశారు. జోన్స్ వాళ్ళు వెళ్ళారు, ఆడారు, 22–13తో ఓడిపోయారు. ఆ తర్వాత తెల్ల నల్ల కలిసి ఆడే టీములతో మన కాలేజీలు ఆడకూడదు అనే కట్టుబాటు ఆ రాష్ట్రంలో చాలా ఏళ్ళు నడిచింది. రాసిపెట్టిన రూలు కాదు, అందరికీ తెలిసిన రూలు.

పెన్నా గట్టు (నెల్లూరు)

అందరికీ చాలా థ్యాంక్స్. మా నాన్నకి మొత్తం చదివి వినిపించాను. కందుకూరు అన్న జనరేటర్ కథ రెండుసార్లు చదివించుకున్నారు. పీడీ సార్, ఆయన లెఫ్ట్ బ్యాక్, భుజం నొప్పి ఉంది, జండూ బామ్ ఖర్చు నాదే.

ఇప్పుడు అసలు విషయం. బీరువా మీద ఉన్న రేకు పెట్టెలోంచి ఒక ఫోటో తీశారు. ఐదుగురు నిక్కర్లలో నిలబడి ఉన్నారు, ఇద్దరు ఎక్స్‌ట్రాలు కింద కూర్చుని ఉన్నారు, చెక్క రాకెట్లు ఎదురెదురుగా ఎక్స్ ఆకారంలో పెట్టారు. ముందు ఒక పలక, సుద్దముక్కతో రాసింది. మొదటి అక్షరం కింద కూర్చున్నాయన మోకాలు వెనక పోయింది. మిగిలింది "న్నర్స్" అని ఉంది. ఇది విన్నర్సే అని నాన్న పట్టు. మా అమ్మ మాత్రం వంటింట్లోంచి నవ్వుతోంది.

పాత పీడీ (ఒంగోలు)

ఫోటోలో షీల్డు ఉందా? చెక్క మీద వెండి రేకు కొట్టిన పెద్ద షీల్డు.

పెన్నా గట్టు (నెల్లూరు)

లేదు సార్. ఒక్కొక్కళ్ళ చేతిలో చిన్న కప్పు ఉంది.

పాత పీడీ (ఒంగోలు)

ఇన్విటేషన్ టోర్నమెంట్లలో షీల్డు గెలిచినవాళ్ళది. అది లేకుండా వాళ్ళు ఫోటో దిగరు, అన్నం కూడా దాని పక్కనే పెట్టుకుని తింటారు. చిన్న కప్పులు రన్నర్స్‌కి. మీ నాన్నగారికి కోపం తెప్పించకుండా అడగండి, ఒంగోలు వాళ్ళని కొట్టింది సెమీఫైనల్లోనా?

పెన్నా గట్టు (నెల్లూరు)

అడిగాను. చాలాసేపు ఫోటో తిప్పి తిప్పి చూశారు. సెమీస్‌లోనే అంట. ఫైనల్ చీరాల వాళ్ళు కొట్టారంట, మూడో గేము 29–27, చీకటి పడి బంతి కనపడలేదంట. అయినా భుజాల మీద మోసింది మాత్రం నిజమే అంటున్నారు, ఒంగోలుని కొట్టాక ఫైనల్ ఎవడిక్కావాలి అని. మీ ఫోన్ నంబర్ కావాలంట, ఆ చీరాల సెంటర్ ప్లేయర్ మీకు తెలిసే ఉంటాడని.

పాత పీడీ (ఒంగోలు)

నంబర్ మీ ఇన్‌బాక్స్‌లో పెట్టాను. ఐదు దాటాక చెయ్యమనండి, మధ్యాహ్నం నిద్రపోతాను. ఆ సెంటర్ ప్లేయర్ ఎవరో నాకు తెలిసినట్టే ఉంది, ఎడమచేతి వాటమా అని అడిగి ఉంచండి.